ప్రారబ్ధం, పురుషప్రయత్నం: విద్యారణ్యుల రెండు గ్రంథాల నడుమ సాధన స్థానం

వ్యాససంగ్రహం

అద్వైత సంప్రదాయంలో విద్యారణ్యుల పేరున నిలిచిన ప్రసిద్ధ గ్రంథాలలో పంచదశి, జీవన్ముక్తివివేకం ముఖ్యమైనవి. పంచదశిలోని తృప్తిదీప ప్రకరణం, కాక తప్పనిదానికి ప్రతిక్రియ లేదని చెబుతుంది. జీవన్ముక్తివివేకం, యోగాభ్యాసం ప్రారబ్ధం కంటే బలమైనదని చెబుతుంది. ఈ రెండు వాక్యాల నడుమ కనిపించే విరోధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. ప్రారబ్ధం అనే భావన ఏ ప్రశ్నకు సమాధానంగా పుట్టిందో గుర్తిస్తే ఈ విరోధం చాలావరకు తొలగుతుందని, మిగిలిన కొంత భాగం మాత్రం సిద్ధాంతంలోని నిజమైన ఇబ్బందిని చూపుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ప్రారబ్ధం, పురుషకారం, దైవం, సాధన, వాసనాక్షయం, పంచదశి, జీవన్ముక్తివివేకం, యోగవాసిష్ఠం.

1. ఉపోద్ఘాతం

‘తానొకటి తలిస్తే దైవమొకటి తలచినట్లు’ అనే సామెతా, ‘కృషితో నాస్తి దుర్భిక్షం’ అనే నానుడీ తెలుగువారి నోట పక్కపక్కనే వినిపిస్తాయి. ఒకే మనిషి ఉదయం ఒకటి, సాయంత్రం మరొకటి అనడం వింత కాదు. తలరాత, నుదుటి రాత, ప్రాప్తం, కర్మ, ప్రారబ్ధం అనే మాటలు నిత్యవ్యవహారంలో ఇంచుమించు పర్యాయపదాలుగా మారిపోయాయి. వీటిలో ‘ప్రారబ్ధం’ శాస్త్రంలో చాలా ఇరుకైన, నిర్దిష్టమైన అర్థం గల పారిభాషిక పదం. అది వ్యవహారంలోకి వచ్చి, జరిగిన ప్రతిదానికీ జరగబోయే ప్రతిదానికీ ఒకే వివరణగా స్థిరపడింది.

ఈ అర్థవిస్తృతి వల్ల కలిగే నష్టం చిన్నది కాదు. వైద్యం చేయించుకోవలసిన రోగాన్ని ప్రారబ్ధమని వదిలేయడం, ఎదిరించవలసిన అన్యాయాన్ని కర్మఫలమని సహించడం, మొదలుపెట్టవలసిన సాధనను ‘ప్రాప్తం ఉన్నప్పుడు అదే వస్తుంది’ అని వాయిదా వేయడం అనే మూడింటికీ ఈ ఒక్క పదమే ఆధారమవుతున్నది. వాటికి శాస్త్రం నిజంగా సమ్మతి ఇస్తుందా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి విద్యారణ్యుల గ్రంథాలు అనువైనవి. ఎందుకంటే విధికి అనుకూలంగా చెప్పదగిన అత్యంత బలమైన మాట, ప్రయత్నానికి అనుకూలంగా చెప్పదగిన అత్యంత బలమైన మాట, రెండూ వాటిలోనే ఉన్నాయి.

2. రెండు గ్రంథాలు, రెండు వాక్యాలు

విద్యారణ్యులు 14వ శతాబ్దికి చెందిన శృంగేరి పీఠాధిపతి. విజయనగర రాజ్య తొలినాళ్లతో ఆయన పేరు ముడిపడి ఉంది. పంచదశి పేరుకు తగినట్లు 15 ప్రకరణాల గ్రంథం. వివేక, దీప, ఆనంద పంచకాలుగా దానిని విభజిస్తారు. అందులో 7వది తృప్తిదీపం. బృహదారణ్యకోపనిషత్తులోని ఒక మంత్రాన్ని పదపదంగా వ్యాఖ్యానిస్తూ, ఆత్మను ఎరిగినవాడు ఏ కోరికతో, ఎవరికోసం శరీరాన్ని అనుసరించి తపిస్తాడన్న ప్రశ్నను ఈ ప్రకరణం విచారిస్తుంది. ఆ సందర్భంలోనే ప్రారబ్ధ ప్రస్తావన వస్తుంది. తప్పక జరగవలసినదానికి విరుగుడు అంటూ ఉంటే నలుడు, రాముడు, యుధిష్ఠిరుడు దుఃఖాల పాలయ్యేవారే కాదని అక్కడి వాదం.

జీవన్ముక్తివివేకం 5 ప్రకరణాల గ్రంథం. జీవన్ముక్తికి ప్రమాణం, వాసనాక్షయం, మనోనాశం, స్వరూపసిద్ధి ప్రయోజనం, విద్వత్సన్న్యాసం అందులోని విషయాలు. మొదటి ప్రకరణంలోనే ఒక ఆక్షేపం వస్తుంది. సుఖదుఃఖాలు, కర్తృత్వభోక్తృత్వాలు చిత్తధర్మాలు కదా, వాటిని యోగంతో అణచాలంటే ప్రారబ్ధం అడ్డుపడదా అని. దానికి సమాధానం సూటిగా ఉంటుంది. తత్త్వజ్ఞానం కంటే ప్రారబ్ధం ఎలా బలమైనదో, ప్రారబ్ధం కంటే యోగాభ్యాసం అలా బలమైనది. ఉద్దాలకుడు, వీతహవ్యుడు మొదలైన యోగులు తమ ఇచ్ఛ మేరకు దేహాన్ని విడిచిన వృత్తాంతాలను గ్రంథకర్త నిదర్శనంగా చూపుతారు.

ఒకచోట ప్రతిక్రియే లేదు, మరొకచోట దానిని మించిన బలం ఉంది. పంచదశిలోని కొన్ని ప్రకరణాల కర్తృత్వాన్ని భారతీతీర్థులకు ఆపాదించే అభిప్రాయం ఉన్నది కనుక, ఇద్దరు కర్తలు రెండు మాటలు చెప్పారని సరిపెట్టుకోవచ్చు. అయితే అది సమస్యను పరిష్కరించడం కాదు, పక్కకు నెట్టడం. రెండు గ్రంథాలూ ఒకే సంప్రదాయంలో, ఒకే సాధకుల కోసం, శతాబ్దాలుగా కలిపి చదవబడుతున్నాయి. కర్త ఒక్కరైనా ఇద్దరైనా, చదివే సాధకుడు ఒక్కడే. ఏ మాటను పట్టుకుని నడవాలన్న ప్రశ్న అతనికి ఎలాగూ తప్పదు.

3. ప్రారబ్ధం ఏ ప్రశ్నకు సమాధానం?

ఒక భావనను సరిగా అంచనా వేయాలంటే అది ఏ ప్రశ్నకు సమాధానంగా వచ్చిందో ముందుగా చూడాలి. కర్మను సంచితం, ఆగామి, ప్రారబ్ధం అని మూడుగా విభజించడం అద్వైత గ్రంథాలలో సుపరిచితం. జ్ఞానం సంచితాన్ని దహిస్తుంది, ఆగామి అంటకుండా చేస్తుంది. మరి జ్ఞానం కలిగిన మరుక్షణమే శరీరం ఎందుకు పడిపోదు? జ్ఞాని ఇంకా ఎలా జీవించి, శిష్యులకు బోధించగలుగుతున్నాడు? ఈ చిక్కును విప్పడానికే బ్రహ్మసూత్రాల 4వ అధ్యాయం మొదటి పాదంలో ఫలమివ్వడం ఆరంభించిన కర్మను, ఇంకా ఆరంభించని కర్మను వేరు చేశారు. కుమ్మరి చేయి తీసిన తర్వాత కూడా వేగం తీరేవరకు సారె తిరుగుతూనే ఉంటుందన్న శంకరుల దృష్టాంతం ఆ సందర్భంలోనిదే.

ఇక్కడ గమనించవలసినవి రెండు విషయాలు ఉన్నాయి. మొదటిది, ఈ చర్చ జ్ఞాని శరీరస్థితిని గురించి. లోకంలో జరిగే ప్రతి సంఘటనా ముందే నిర్ణయమై ఉందని నిరూపించడం దాని ఉద్దేశం కాదు. రెండవది, సారె దృష్టాంతం అప్పటికే తిరుగుతున్న వేగాన్ని గురించి మాత్రమే చెబుతుంది. ఆ సారె మీద ఏ పాత్ర తయారవుతుందో, కుమ్మరి తిరిగి చేయి పెడతాడో లేదో అది చెప్పదు. అంటే ప్రారబ్ధం మొదట గతం వైపు చూసే పదం. ‘ఇది ఇంకా ఎందుకు కొనసాగుతున్నది’ అనే ప్రశ్నకు అది సమాధానం. ‘నేను ఇప్పుడు ఏమి చేయాలి’ అనే ప్రశ్నకు దానిని సమాధానంగా వాడుకున్నప్పుడే వ్యవహారంలోని పొరపాటు మొదలవుతుంది.

4. తృప్తిదీపం నిజంగా ఏమి చెబుతున్నది?

తృప్తిదీపంలోని మాటను దాని సందర్భంలో పెట్టి చూస్తే, అది ప్రయత్నాన్ని నిషేధించే మాట కాదని స్పష్టమవుతుంది. ఆ ప్రకరణంలోని రెండు దృష్టాంతాలు ఈ విషయంలో నిర్ణాయకమైనవి.

మొదటిది బాటసారుల దృష్టాంతం. ఇద్దరు ఒకే దారిన నడుస్తున్నారు. ఇద్దరికీ అలసట సమానమే. గమ్యం దగ్గరలోనే ఉందని తెలిసినవాడు ధైర్యంతో వేగంగా సాగుతాడు. తెలియనివాడు దిగులుతో నిలబడిపోతాడు. ప్రారబ్ధం జ్ఞానికీ అజ్ఞానికీ సమానమే అని చెప్పడానికి ఈ దృష్టాంతం వచ్చింది. కాని ఇందులో సమానమైనది అలసట మాత్రమే, నడక కాదు. తెలివిడి కాళ్లకు వేగాన్నిచ్చింది. విధిని గట్టిగా సమర్థిస్తున్నదనిపించే చోటనే, మనిషి వైఖరి అతని గమనాన్ని మారుస్తుందని గ్రంథం ఒప్పుకుంటున్నది.

రెండవది వేయించిన గింజల దృష్టాంతం. వేయించిన గింజ మొలకెత్తదు కాని, తినడానికి పనికి వస్తుంది. ప్రారబ్ధం వల్ల జ్ఞానిలో కోరిక తలెత్తినా అది భోగంతో తీరిపోతుంది, వ్యసనంగా పెరగదు. గింజ ఉండడం ప్రారబ్ధం, అది మొలకెత్తకపోవడం వివేకం. ఆ వేపుడు దానంతట అది జరిగేది కాదు. విచారం అనే నిప్పు మీద జరగాలి.

ఇక నలరామయుధిష్ఠిరుల మాట. ఈ ముగ్గురిని విధికి లొంగినవారికి ఉదాహరణలుగా చెప్పుకోవడం పరిపాటి. వారి కథలు తెలిసినవారికి మరో విషయం కూడా తోచక మానదు. నలుడు ఋతుపర్ణుని వద్ద అక్షహృదయాన్ని నేర్చుకున్నాడు, ఏ ఆటలో రాజ్యం పోయిందో ఆ ఆటలోనే పుష్కరుని గెలిచాడు. ఆ కథ చెప్పిన బృహదశ్వ మహర్షి వద్దనే ధర్మరాజు ఆ విద్యను గ్రహించాడు. నన్నయ తెలిగించిన అరణ్యపర్వ భాగంలోని నలోపాఖ్యానం ద్వారా తెలుగు పాఠకులకు ఈ కథ చిరపరిచితం. రాముడు సీతావియోగాన్ని తప్పించుకోలేకపోయాడు, నిజమే. అయినా సముద్రతీరాన చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ముగ్గురికీ దుఃఖం తప్పలేదన్నది ఎంత నిజమో, ముగ్గురూ దుఃఖాన్ని కారణంగా చూపి కర్తవ్యాన్ని మానలేదన్నదీ అంతే నిజం. తృప్తిదీపం మొదటి సత్యాన్ని మాత్రమే ఉదాహరించింది. రెండవ సత్యాన్ని ఆ పేర్లే మోసుకువచ్చాయి.

5. జీవన్ముక్తివివేకం: ప్రయత్నపక్షం

జీవన్ముక్తివివేకం ప్రయత్నపక్షాన్ని ప్రధానంగా యోగవాసిష్ఠం ఆధారంగా నిర్మించింది. యోగవాసిష్ఠంలోని ముముక్షు ప్రకరణం దైవాన్ని స్వతంత్ర శక్తిగా అంగీకరించదు. పూర్వం చేసిన ప్రయత్నానికే దైవమని పేరు. పూర్వప్రయత్నం, నేటి ప్రయత్నం రెండు పొట్టేళ్లలా తలపడతాయి, బలమైనది గెలుస్తుంది. ప్రాక్తన వాసనలు నన్ను ఎటు నడిపితే అటు నిలుస్తున్నాను, నేను పరాధీనుణ్ణి, ఏమి చేయగలనని రాముడు వాపోతాడు. ఆ కారణంగానే ప్రయత్నం అవసరమని వసిష్ఠుని సమాధానం. వాసన అనే నది శుభాశుభ మార్గాలు రెండింటా పారుతుంది, దానిని శుభం వైపు మళ్లించాలి. చిత్తాన్ని బలవంతంగా కాక, పసిబిడ్డను లాలించినట్లు మెల్లగా తిప్పుకోవాలి.

విద్యారణ్యులు దీనికి చేర్చిన వాదం శాస్త్రదృష్టితో గమనించదగినది. పురుషప్రయత్నానికి బలం లేదంటే చికిత్సాశాస్త్రం మొదలుకొని మోక్షశాస్త్రం వరకు అన్నీ వ్యర్థమవుతాయి. ఒకప్పుడు ప్రయత్నం విఫలమైనంత మాత్రాన దానిని వదిలేయాలన్న నియమమే ఉంటే, ఒక్కసారి ఓడిన రాజులందరూ ఏనుగులనూ గుర్రాలనూ సైన్యాన్నీ ఉపేక్షించవలసి వస్తుంది. వైద్యాన్నీ మోక్షాన్నీ ఒకే వరుసలో పెట్టడం ఇక్కడి విశేషం. రోగానికి మందు అక్కర్లేదనేవాడు, సాధన మాత్రం చేస్తాననడం పొసగదు. సాధన ప్రాప్తాన్ని బట్టి వస్తుందనేవాడు, జబ్బు చేసినప్పుడు వైద్యుని వద్దకు పరుగెత్తడమూ పొసగదు.

ఈ వాదానికి మూలం బ్రహ్మసూత్రాలలోనే ఉంది. 2వ అధ్యాయం మూడవ పాదంలోని 33వ సూత్రం, శాస్త్రానికి అర్థం ఉండాలంటే జీవుడు కర్త కావాలని చెబుతుంది. చేయమనీ వద్దనీ చెప్పే వాక్యం, చేయగల మానగల మనిషిని ఉద్దేశించినదే కావాలి. అదే పాదంలో 41వ సూత్రం ఆ కర్తృత్వం కూడా ఈశ్వరుని వల్లనే అంటుంది. వెంటనే 42వ సూత్రం, ఈశ్వరుడు జీవుడు చేసిన ప్రయత్నాన్ని అపేక్షించే నడిపిస్తాడని దానిని సరిచేస్తుంది. శంకరులు అక్కడ వాన దృష్టాంతాన్ని చూపుతారు. వాన అన్ని మొక్కలకూ సమానమే, ఏది మొలవాలో నిర్ణయించేది విత్తనం. విద్యారణ్యులు ఈ సూత్రార్థాన్నే అన్ని విద్యలకూ విస్తరింపజేశారు.

6. విరోధం ఎంతవరకు తీరింది?

ప్రారబ్ధం దేహానికి, ప్రయత్నం మనసుకు అని పంచి ఈ విరోధాన్ని తీర్చడం సులభమైన మార్గం. సుఖదుఃఖాల రాకడ ప్రారబ్ధం, వాటి పట్ల మన స్పందన సాధన. ఈ పంపకం చాలావరకు సరైనదే. తృప్తిదీపంలోని బాటసారులూ వేయించిన గింజలూ దీనినే సమర్థిస్తాయి. అయితే ఉద్దాలక వీతహవ్యుల ఉదాహరణలు ఈ పంపకంలో ఇమడవు. వారు స్పందనను మాత్రమే కాదు, దేహస్థితినే తమ ఇచ్ఛకు లోబరచుకున్నారు. అంటే యోగం ప్రారబ్ధం హద్దు లోపలికి అడుగుపెట్టింది.

ఇక్కడ గ్రంథకర్త వెంటనే చేసే ఒక దిద్దుబాటు ముఖ్యమైనది. అల్పాయుష్కులమైన మనకు అలాంటి యోగం సాధ్యం కాకపోవచ్చునని ఆయన ఒప్పుకుంటారు. కామాది చిత్తవృత్తులను నిరోధించడం వరకే అయిన యోగానికి మాత్రం మనకేమి కష్టమని అడుగుతారు. చిత్తధర్మాలను సమూలంగా తొలగించలేకపోయినా, మణిమంత్రాదులతో నిప్పు వేడిని అణచినట్లు అణచవచ్చునన్నది అంతకుముందే చెప్పిన మాట. అంటే ఉద్దాలక వీతహవ్యులు సాధన అవధిని చూపే ఉదాహరణలే తప్ప, ప్రతి సాధకునికీ విధించిన లక్ష్యాలు కారు. సాధకునికి అప్పగించిన పొలం వాసనాక్షయం, మనోనాశం. ఈ కొలతలో చూస్తే రెండు గ్రంథాలూ చాలా దగ్గరకు వస్తాయి. మొదటిది జరిగిపోయినదాని పట్ల విలాపాన్ని ఆపడానికి చెప్పినది. రెండవది జరగవలసినదాని పట్ల అలసత్వాన్ని ఆపడానికి చెప్పినది. ఒకే మందును రెండు రోగాలకు ఇవ్వరు.

అయినా రెండు ఇబ్బందులు మిగులుతాయి. వాటిని కప్పిపుచ్చడం విమర్శకు తగదు. మొదటిది: ప్రయత్నించాలన్న బుద్ధి కూడా ప్రారబ్ధమే అంటే ఏమిటి సమాధానం? శాస్త్రాలు వ్యర్థమవుతాయన్న వాదం స్వేచ్ఛ ఉన్నదని నిరూపించదు. స్వేచ్ఛ లేదన్నవాడు ఇతరులకు బోధించడం మానుకోవాలని మాత్రమే నిరూపిస్తుంది. ఇది పరిమితమైన విజయమే. అయితే వ్యవహారానికి అంత చాలు. ‘అంతా ప్రారబ్ధం’ అని ఎదుటివానికి ఉపదేశించేవాడు, ఆ ఉపదేశం వల్ల అతని మనసు మారుతుందని ఆశిస్తున్నాడు కదా.

రెండవ ఇబ్బంది మరింత బరువైనది. దైవమంటే కేవలం పూర్వప్రయత్నమే అన్న యోగవాసిష్ఠ సిద్ధాంతం మనిషిని విధి నుండి విడిపిస్తుంది. కాని ఆ విడుదలకు వెల ఉంది. బయటి కారణమంటూ ఏదీ మిగలకపోతే ప్రతి బాధకూ బాధితుడే బాధ్యుడవుతాడు. రోగి, పేద, అన్యాయానికి గురైన మనిషి, అందరూ తమ దుఃఖాన్ని తామే సంపాదించుకున్నవారవుతారు. సాధకునికి తన పట్ల తాను చెప్పుకోవడానికి ఉపయోగపడే ఈ సూత్రం, ఇతరుల మీద ప్రయోగించినప్పుడు నిర్దయగా మారుతుంది.

7. ద్రౌపది చేర్పు

ఈ లోటును పూరించే మాట మహాభారతం అరణ్యపర్వంలో ద్రౌపది నోట వినిపిస్తుంది. మొదట ఆమె దుఃఖావేశంలో, విధాత ప్రాణులను కొయ్యబొమ్మల్లా ఆడిస్తున్నాడని నిందిస్తుంది. ఫలం కోసం ధర్మాన్ని ఆచరించేవాడు ధర్మంతో వ్యాపారం చేసేవాడని, తాను ఫలాపేక్షతో ధర్మాన్ని పాటించడం లేదని ధర్మరాజు సమాధానమిస్తాడు. ఆ తర్వాత ఆమె తన వాదాన్ని సవరించుకుంటుంది. విధినే నమ్మి ఊరకుండేవాడిని, అంతా యాదృచ్ఛికమనేవాడిని ఇద్దరినీ ఆమె తిరస్కరిస్తుంది. మనిషికి దక్కేవి యదృచ్ఛ వల్ల, దైవం వల్ల, స్వభావం వల్ల, పురుషప్రయత్నం వల్ల దక్కుతాయని విభజిస్తుంది. రైతు దున్ని, విత్తి, ఆపైన వాన కోసం ఊరకుంటాడు. వాన అనుగ్రహించకపోతే అందులో రైతు దోషం లేదు. ఈ నీతిని చిన్నతనంలో తండ్రి ఇంట, ఒక బ్రాహ్మణుడు తన సోదరులకు బోధిస్తుండగా విన్నానని ఆమె చెబుతుంది.

శంకరుల దృష్టాంతంలోనూ వాన ఉంది, ద్రౌపది మాటలోనూ వాన ఉంది. శంకరుల వాన అందరికీ సమానంగా కురుస్తుంది, తేడా విత్తనంలో ఉంది. ద్రౌపది చెప్పిన వాన కొన్నిసార్లు కురవదు. ఈ చిన్న భేదంలోనే ఒక పెద్ద విషయం ఉంది. ద్రౌపది ప్రయత్నాన్ని తప్పనిసరి చేస్తూనే, విఫలమైనవానిని దోషం నుండి విముక్తుణ్ణి చేసింది. నిండు సభలో అవమానానికి గురైన స్త్రీ నోట ఈ మాట రావడం యాదృచ్ఛికమనిపించదు. తనకు జరిగినదానికి తానే కారణమని ఒప్పుకునే సిద్ధాంతం ఆమెకు పనికిరాదు. ఏమీ చేయలేమనే సిద్ధాంతమూ పనికిరాదు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన విషయాలు ఇవి. ప్రారబ్ధం జ్ఞాని దేహస్థితిని వివరించడానికి వచ్చిన పరిమిత భావన. దానిని సర్వవ్యాపక విధివాదంగా మార్చడానికి శాస్త్ర సమ్మతి లేదు. తృప్తిదీపం ప్రయత్నాన్ని నిషేధించలేదు, జరిగినదాని పట్ల శోకాన్ని నిషేధించింది. జీవన్ముక్తివివేకం సాధనకు అత్యున్నత అవధిని చూపి, సామాన్య సాధకుని పనిని వాసనలను మళ్లించడంగా నిర్ణయించింది. ప్రయత్నవాదం పరుల దుఃఖానికి తీర్పుగా మారకుండా ఉండడానికి ద్రౌపది చెప్పిన నీతి అవసరం.

కాబట్టి ఈ పదాలను వాడడంలో ఒక మర్యాదను పాటించవలసి ఉన్నది. దైవమనే మాట జరిగిపోయినదానికే వర్తించాలి, చేయవలసినదానికి కాదు. నీ ప్రయత్నలోపమే కారణమన్న మాటను ఎవరికి వారు తమకు చెప్పుకోవచ్చు, పొరుగువానికి చెప్పరాదు. ఈ రెండు హద్దులూ దాటనంతవరకు ప్రారబ్ధం సాధకునికి ఓర్పునిస్తుంది, పురుషకారం పూనికనిస్తుంది. దాటినప్పుడు మొదటిది సోమరితనానికి, రెండవది కాఠిన్యానికి దారి తీస్తాయి.